తాపీ తీరాన రాందేర్: ఒక చిన్న రేవు పట్టణపు చరిత్ర

భారతదేశపు పశ్చిమతీర చరిత్రలో సూరత్ నగరానికి గల స్థానం లోకవిదితం. మొగలాయి పాలనలో హజ్ యాత్రికులు ఓడలెక్కిన రేవుగా, ఆంగ్లేయులూ డచ్చివారూ వర్తకశాలలు నెలకొల్పుకున్న పట్టణంగా, జరీకీ పట్టుకీ వజ్రాల సానకీ పేరుమోసిన నగరంగా దానిని ఎరుగనివారు అరుదు. కాని ఆ నగరానికి ఆవలి ఒడ్డున, తాపీ నది కుడి గట్టుపై, సూరత్ కంటె ముందే సముద్రవ్యాపారంలో పేరెన్నికగన్న మరొక పట్టణం ఉన్నది. దాని పేరు రాందేర్. నేడది సూరత్ నగరపాలక సంస్థ పరిధిలో ఒక పేట మాత్రమే. పదహారవ శతాబ్ది ఆరంభంలో దాని ఓడలు మలక్కాకూ, పెగూకూ, సుమత్రాకూ వెళ్లి వచ్చేవి. రేవుగా ప్రాభవం కోల్పోయిన మూడు శతాబ్దాల తరువాత ఈ పట్టణమే బర్మా రాజధాని రంగూన్‌లో తన పేరును మళ్లీ నిలుపుకున్నది. ఆ రంగూన్ రేవులోనే మన కోస్తా జిల్లాల తెలుగువారు వేలాదిగా బరువులు మోశారు. అందుచేత ఈ గుజరాతీ పట్టణపు చరిత్ర తెలుగువారికి కొంత దగ్గరి చరిత్ర కూడా.

నది, సముద్రం, పట్టణం

తాపీ నది మధ్యప్రదేశ్‌లోని బేతుల్ జిల్లాలో ముల్తాయి వద్ద పుట్టి, సాత్పురా పర్వతపంక్తికి దక్షిణంగా పడమటి దిక్కుకు సాగి, 724 కిలోమీటర్లు ప్రవహించి అరేబియా సముద్రంలో కలుస్తుంది. దక్కను నదులలో అత్యధికం తూర్పునకు పారగా నర్మదా తాపీ నదులు పడమటికి పారడం విశేషం. పురాణాలు ఈ నదిని సూర్యుని కుమార్తె తపతిగా చెప్పుతాయి. తపతీ సంవరణుల కథ మహాభారతం ఆదిపర్వంలో ఉన్నది; వారి కుమారుడే కురు వంశకర్త. ఆ కథను అద్దంకి గంగాధరకవి తెలుగులో ప్రబంధంగా రచించి గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షాకు అంకితమిచ్చాడు. కనుక తాపీ పేరు తెలుగు సాహిత్యానికి కొత్త కాదు.

సముద్రసంగమానికి ముందు ఈ నది పెద్ద వంపు తిరుగుతుంది. ఆ వంపులో ఎడమ గట్టున సూరత్, సూరత్ కోటకు కొద్ది కిలోమీటర్ల ఎగువన కుడి గట్టున రాందేర్ వెలిశాయి. రెండూ సముద్రానికి దూరంగా, నదిలోపల ఉన్న రేవులే. ఖంభాత్ సింధుశాఖలో ఆటుపోట్ల ఎత్తు మన దేశంలో మరెక్కడా లేనంత అధికం. సింధుశాఖకు ఆవలి తీరాన ఉన్న భావనగర్ వద్ద అది 10 మీటర్లను మించుతుంది. పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు నదిలోకి ఎదురెక్కి ఓడలను లోపలికి మోసుకొనిపోయేది. ఆటు సమయంలో అవే ఓడలు సరుకుతో సముద్రానికి దిగేవి. తీరంలో తుపాను రేగినా, శత్రునౌక కనబడినా నదిలోపలి రేవు కొంత రక్షణ నిచ్చేది. తెలుగు తీరంలో గోదావరి పాయపై కోరంగి వెలసిన తీరు ఇటువంటిదే.

నదీముఖపు రేవుకు ఒక లోపమున్నది. పోటు ఓడను మాత్రమే కాక ఒండ్రునూ తెస్తుంది. వరద తెచ్చిన మట్టి, పోటు తెచ్చిన మట్టి కలిసి ముఖద్వారం వద్ద ఇసుక దిబ్బలుగా మేటవేస్తాయి. పెద్ద ఓడలు క్రమంగా లోపలికి రాలేక నది బయట సువాలీ వద్ద లంగరు వేయవలసి వచ్చింది. 1612లో ఆంగ్లేయ నావికుడు థామస్ బెస్ట్ పోర్చుగీసు నౌకలతో పోరాడినది ఆ సువాలీ వద్దనే. మరుసటి సంవత్సరం ఆంగ్లేయుల వర్తకశాల సూరత్‌లో నెలకొన్నది.

ప్రాచీన ప్రస్తావనలు

రాందేర్ దక్షిణ గుజరాతులోని మిక్కిలి ప్రాచీన పట్టణాలలో ఒకటని చరిత్రకారుల అభిప్రాయం. పదకొండవ శతాబ్దిలో అల్‌బిరూనీ లాటదేశానికి రెండు ముఖ్యపట్టణాలను పేర్కొన్నాడు. ఒకటి భరూచ్; రెండవదాని పేరును అతడు రహంజూర్ అని వ్రాశాడు. ఈ రహంజూరే రాందేర్ అని పందొమ్మిదవ శతాబ్దిలో బొంబాయి రాజధానికి గెజిటీర్లు కూర్చినవారు నిర్ణయించారు. ఆ కాలంలో ఇది జైన వర్తకుల పట్టణం. నేటికీ రాందేర్‌లో జైన దేవాలయాలు పూజలందుకొనుచున్నవి.

పదమూడవ శతాబ్ది ఆరంభంలో అరబ్బు వర్తకులూ నావికులూ ఇక్కడ స్థిరపడ్డారనీ, వారు జైనులను ఓడించి పట్టణాన్ని వశపరచుకొని ఆలయాలను మసీదులుగా మార్చారనీ ఒక కథనం ఉన్నది. ఇది ఆరు శతాబ్దాలకు పైగా గడచిన తరువాత గెజిటీరులో నమోదైన స్థానిక సంప్రదాయం. దీనిని ఆ మేరకే గ్రహించడం ఉచితం. ఆ అరబ్బులను గుజరాతులో నాయతలు అన్నారు. కొంకణ తీరంలోనూ, ఆర్కాటు నవాబుల చరిత్రలోనూ వినవచ్చే నవాయతుల పేరు దీనికి దగ్గరిది.

విదేశీ వర్తకులు స్థానిక రేవులలో నిలదొక్కుకోవడం ఆనాటి హిందూ మహాసముద్రం అంతటా జరిగిన పరిణామం. అదే శతాబ్దిలో, 1244–45 ప్రాంతంలో, కాకతీయ గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన సరుకును రాజులు స్వాధీనం చేసుకొనే ఆచారాన్ని మాని, నిర్ణీతమైన సుంకం మాత్రమే తీసుకొని వర్తకులకు రక్షణ కల్పిస్తామని ఆ శాసనం ప్రకటించింది. తూర్పున మోటుపల్లి, పడమట రాందేర్ ఒకే వాణిజ్యప్రపంచపు రెండు అంచులు.

బార్బోసా చూసిన పట్టణం

రాందేర్ వైభవానికి స్పష్టమైన సాక్ష్యం పోర్చుగీసు ఉద్యోగి దువార్తె బార్బోసా రచనలో లభిస్తుంది. 1514 ప్రాంతపు వివరాలు చెప్పుతూ అతడు ఈ పట్టణాన్ని సంపన్నమైనదిగా, మనోహరమైనదిగా వర్ణించాడు. ఇక్కడి ముస్లిం వర్తకులకు సొంత ఓడలున్నాయనీ, వారు మలక్కా, బెంగాల్, తెనాసరీం, పెగూ, మార్తబాన్, సుమత్రాలతో వర్తకం చేస్తారనీ తెలిపాడు. సుగంధద్రవ్యాలు, ఔషధాలు, పట్టు, కస్తూరి, సాంబ్రాణి, చీనా పింగాణి ఇక్కడికి వచ్చే సరుకులు.

బార్బోసా వర్ణనలో అంతకంటె ఆసక్తికరమైనది ఇళ్లను గూర్చిన భాగం. వర్తకుల గృహాలు పరిశుభ్రంగా, చక్కని సామగ్రితో ఉండేవట. ముందు గదులలో అరలు కట్టి వాటిపై రకరకాల చీనా పింగాణి పాత్రలను అందంగా అమర్చేవారట. స్త్రీలు ముఖం కప్పుకొనకుండా పగటి వేళ పట్టణంలో తిరుగుతూ తమ పనులు చక్కబెట్టుకొనేవారట. దూరదేశపు వస్తువును ముంగిటి గదిలో నిలిపి చూపడం ఈ పట్టణానికి ఎంత పాత అలవాటో దీనివల్ల తెలుస్తుంది. ఆ అలవాటు నాలుగు వందల ఏళ్ల తరువాత మరొక రూపంలో మళ్లీ కనిపిస్తుంది.

ఇందులో గమనించదగిన విషయం మరొకటి ఉన్నది. బార్బోసా జాబితాలోని పెగూ, మార్తబాన్, తెనాసరీం మూడూ నేటి మయన్మార్ తీరప్రాంతాలే. రాందేర్‌కు బర్మాతో గల అనుబంధం బ్రిటిషు ఆవిరి ఓడలతో మొదలైనది కాదు; దానికి అంతకు ముందే మూడున్నర శతాబ్దాల పునాది ఉన్నది.

1530: నిప్పు, ఆపై కోట

పోర్చుగీసువారు 1511లో మలక్కాను ఆక్రమించారు. తమ అనుమతిపత్రం లేని ఓడను సముద్రంపై పట్టుకొనే విధానాన్ని అమలుచేశారు. మలక్కాతో వర్తకం చేసే రాందేర్ ముస్లిం నావికులకు ఇది మొదటి దెబ్బ. గుజరాతు సుల్తాను బహదూర్‌షా నుండి దీవ్ రేవును దక్కించుకొనవలెనన్న పట్టుదలతో పోర్చుగీసు గవర్నరు నూనో ద కున్యా తీరపట్టణాలపై దాడులు సాగించాడు. 1530లో అంతోనియో ద సిల్వేరా నాయకత్వంలోని నౌకాదళం తాపీలో ప్రవేశించి, ముందు సూరత్‌ను, పిదప రాందేర్‌ను కొల్లగొట్టి తగులబెట్టింది. ఏ పోటు శతాబ్దాలపాటు సరుకు తెచ్చిందో ఆ పోటే శత్రునౌకలనూ లోపలికి తెచ్చింది.

రెండు పట్టణాలూ ఒకేసారి దగ్ధమైనవి. రెండూ ఒకే తీరున లేవలేదు. సూరత్‌కు అప్పటికే కొంత అండ ఉన్నది. పదహారవ శతాబ్ది తొలినాళ్లలో మాలిక్ గోపీ అనే సంపన్న అధికారి దానిని అభివృద్ధి చేశాడు. అతడి పేరిట గోపీ తటాకం నేటికీ ఉన్నది. దాడుల తరువాత గుజరాతు సుల్తాను మూడవ మహమూద్‌షా ఆజ్ఞపై ఖుదావంద్ ఖాన్ 1540–46 మధ్య తాపీ ఎడమ గట్టున దృఢమైన కోట నిర్మించాడు. నదిలో ప్రవేశించే ప్రతి ఓడా ఆ కోట ఫిరంగుల కనుసన్నలలో నడవవలసి వచ్చింది. కోటకు ఎగువనున్న రాందేర్ ఆ రక్షణను పొందింది గాని, దానితో పాటు సూరత్ అధీనతనూ పొందింది.

1573లో అక్బరు సూరత్‌ను జయించాడు. మొగలాయిల సుంకపు కార్యాలయం, టంకశాల సూరత్‌లో నెలకొన్నవి. భౌగోళిక స్థితి కూడా ఎడమ గట్టుకే తోడ్పడింది. బుర్హాన్‌పూర్ మీదుగా ఆగ్రాకు పోయే బాట తాపీకి దక్షిణంగా, నందుర్బార్ గుండా సాగేది. ఔరంగాబాదు మీదుగా గోల్కొండకు పోయే మార్గమూ నదికి అటువైపే. పదిహేడవ శతాబ్దిలో ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే సూరత్‌లో దిగి గోల్కొండకు చేరినది ఆ దారినే. దేశాంతర్భాగపు బండ్లు వచ్చి ఆగే గట్టుకే ఓడల సరుకు కూడా చేరుతుంది. రాందేర్ సరుకు ఆ బాటలను అందుకొనవలెనంటే మరొకసారి నది దాటవలసిందే.

నీరు రెండు పట్టణాలకూ ఒక్కటే, పోటు ఒక్కటే, ఇసుక మేటలూ ఒక్కటే. అయినా ఒకటి మహానగరమై, మరొకటి దాని నీడలో నిలిచిపోయింది. రేవు భవితవ్యాన్ని నిర్ణయించడంలో నది లోతుకు ఎంత పాత్ర ఉన్నదో, కోటకూ, సుంకపు కచ్చేరికీ, బండ్లబాటకూ అంతకు తక్కువ కాని పాత్ర ఉన్నదని రాందేర్ చరిత్ర తెలుపుతున్నది. పదహారవ శతాబ్ది చివరి వరకు అది స్వతంత్రమైన రేవుగా కొనసాగి, ఆపై క్రమంగా సూరత్ వర్తకంలో లీనమైపోయింది.

ఆవలి ఒడ్డు

పద్దెనిమిదవ శతాబ్దిలో బొంబాయి పెరిగి సూరత్ ప్రాభవాన్నే హరించింది. 1837లో ఏప్రిల్ నెలలో అగ్నిప్రమాదం, ఆగస్టులో తాపీ వరద సూరత్‌ను కుంగదీశాయి. ఆనాటి రాందేర్ ప్రశాంతమైన చిన్న ఊరు. ఆధునిక గుజరాతీ సాహిత్యానికి ఆద్యుడుగా గణుతికెక్కిన నర్మదాశంకర్ దవే, అనగా నర్మద్ కవి, 1852లో రాందేర్ పాఠశాలలో ఉపాధ్యాయుడుగా పనిచేశాడు. సూరత్‌లో జన్మించిన ఆ యువకుడికి అప్పుడు ఇరవై ఏళ్లయినా నిండలేదు. తాపీపై వంతెన లేని రోజులవి. పడవపై దాటి పోవలసిందే. తరువాతి కాలంలో అతడు వితంతు వివాహాలను సమర్థించి, గుజరాతీ నిఘంటువును ఒంటిచేతిమీద కూర్చి, ఆత్మకథ వ్రాసి, తెలుగునాట కందుకూరి వీరేశలింగం పంతులు నిర్వహించిన పాత్ర వంటిదే గుజరాతులో నిర్వహించాడు.

1877లో తాపీపై హోప్ వంతెన నిర్మితమైంది. సూరత్ కలెక్టరుగా పనిచేసిన థియోడర్ హోప్ పేరు దానికి పెట్టారు. శతాబ్దాలుగా నావలు కలిపిన రెండు గట్లను ఇనుము కలిపింది. రాందేర్ సూరత్‌కు మరింత చేరువైంది. ఇక్కడి ప్రజల దృష్టి మాత్రం అప్పటికే బహుదూరాన నిలిచి ఉన్నది.

రంగూన్‌లో రాందేరీలు

1852లో జరిగిన రెండవ యుద్ధంతో దిగువ బర్మా ఆంగ్లేయుల వశమైంది. ఐరావతీ డెల్టాలో అడవి నరికి వరి సాగు విస్తరించారు. 1869లో సూయజ్ కాలువ తెరవడంతో బియ్యం ఎగుమతి విపరీతంగా పెరిగి, రంగూన్ ఆసియాలోని పెద్ద రేవులలో ఒకటైంది. కొత్త రేవుకు పెట్టుబడి కావాలి, దుకాణాలు కావాలి, బరువులెత్తే చేతులు కావాలి. మూడూ భారతదేశం నుండే పోయినవి.

దుకాణాలు తెరిచినవారిలో సూరత్, రాందేర్ ప్రాంతపు సున్నీ వోహ్రాలు ముఖ్యులు. రాందేర్ వర్తకులు పడమట మారిషస్‌తోనూ, తూర్పున రంగూన్, మౌల్మీన్, సయాం, సింగపూర్‌లతోనూ వ్యాపారం చేస్తున్నారని పందొమ్మిదవ శతాబ్ది చివరి గెజిటీర్లు పేర్కొన్నవి. రంగూన్‌లో వారిని సూర్తీలు అనేవారు. బట్టల వ్యాపారం వారి ప్రధాన వృత్తి. నగరం నడిబొడ్డున వారు నెలకొల్పిన అంగడి సూర్తీ బడా బజారుగా ప్రసిద్ధికెక్కింది. నేడది తెయింజీ బజారు అనే బర్మీ పేరుతో నడుస్తున్నది. వారు కట్టించిన సూర్తీ సున్నీ జామా మసీదు యాంగోన్‌లో నేటికీ నిలిచి ఉన్నది. తమ ఊరి పేరుతోనే రాందేరియా ఉన్నత పాఠశాలను కూడా వారు రంగూన్‌లో నడిపారు. ఓడలు రాని రేవు పేరు వేల కిలోమీటర్ల దూరాన పాఠశాల పలకపై వెలసింది.

ఆ సంపాదన రాందేర్‌కు తిరిగి వచ్చింది. బర్మా టేకు దూలాలతో, చెక్కడపు తలుపులతో, రంగుటద్దాల కిటికీలతో, గచ్చుపనితో అలంకరించిన ముఖభాగాలతో ఇరుకు వీధులకు ఇరువైపులా మేడలు లేచాయి. మసీదులు కొత్త సొబగులు దిద్దుకున్నవి. మదరసాలు, పాఠశాలలు వెలసినవి. రాందేర్ మదరసాల ఖ్యాతి గుజరాతు ఎల్లలు దాటింది. బార్బోసా చూసిన పింగాణి అరల స్థానంలో ఇప్పుడు బర్మా టేకు నిలిచింది. వంటయింటిలోనూ బర్మా ప్రవేశించింది. బర్మీలు ఖౌస్వే అనే సేమ్యా వంటి పదార్థానికి కొబ్బరిపాల పులుసు కలిపి వండే వంటకం ఇక్కడ ఖావ్‌సాగా మారింది. రంగూన్ పేరుతోనే ఒక పరాఠా ఉన్నది. రంజాన్ మాసపు రాత్రులలో రాందేర్ వీధులలో వీటి కోసం సూరత్ నగరం నలుమూలల నుండి అన్ని మతాలవారూ వస్తారు.

అదే రేవులో తెలుగువారు

సూర్తీ వర్తకుడి బట్టల మూటలు దింపిన ఓడ నుండి వాటిని భుజాన మోసినవారెవరన్న ప్రశ్నకు సమాధానం తెలుగు దేశంలో ఉన్నది. రంగూన్ రేవు కూలీలలో అత్యధికులు తెలుగువారు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, గోపాలపూర్ రేవుల నుండి వారు ఓడల పైతట్టుపై ప్రయాణించి బర్మా చేరేవారు. మేస్త్రీలు ముందుగా బయానా ఇచ్చి వారిని కుదుర్చుకొనేవారు. ఆ అప్పు తీరేవరకు కూలివాని సంపాదన మేస్త్రీ చేతిలోనే ఉండేది. రేవులోనే కాక బియ్యం మిల్లులలోనూ, మనిషి లాగే రిక్షాలపైనా వారే కనబడేవారు. బర్మాలో తెలుగువారికి కోరంగీలన్న పేరు వచ్చింది. 1839 తుపానులో ధ్వంసమై, ఆపై మేటవేసి మూతపడిన కోరంగి రేవు పేరు ఆ విధంగా మనుషులకు మిగిలింది. రాందేర్ పేరు పాఠశాలకు దక్కగా, కోరంగి పేరు కూలీలకు పిలుపైంది. కొన్నాళ్లకు తిట్టుగా కూడా మారింది.

ఇరవయ్యవ శతాబ్ది మూడవ దశాబ్ది చివరికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. ప్రపంచవ్యాప్తమైన ఆర్థిక మాంద్యంతో బియ్యం ధర పడిపోయింది. 1930 మే నెలలో రేవులో తెలుగు కూలీలు కూలిరేట్ల కోసం సమ్మె చేయగా, వారి స్థానంలో బర్మీ కూలీలను పెట్టారు. సమ్మె ముగిసి పాతవారిని తిరిగి తీసుకొని బర్మీలను తొలగించినప్పుడు ఘర్షణ చెలరేగింది. హతులైన వందమందికి పైగా ప్రజలలో అత్యధికులు తెలుగు కూలీలు. పెట్టుబడిదారులు ఒక కూలీపై మరొక కూలీని ప్రయోగించిన ఫలితంగా నెత్తురు చిందింది రేవు గట్టునే. దుకాణాల వరుసకు ఆ వేడి తరువాత తగిలింది. 1938లో భారతీయ ముస్లిములపై అల్లర్లు జరిగినప్పుడు అంగళ్లూ మసీదులూ దాడులకు గురైనవి.

1937లో బర్మా భారతదేశం నుండి పాలనాపరంగా వేరుపడింది. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్‌పై బాంబులు కురిపించాయి. తరువాతి నెలలలో లక్షలాది భారతీయులు దేశం విడిచారు. టిక్కెట్టు కొనగల వర్తకుడికి కొంతకాలం ఓడ దొరికింది. కూలీలలో ఎక్కువమంది అరకాను కనుమల మీదుగానో, మణిపురం అస్సాం కొండల మీదుగానో నడిచి రావలసి వచ్చింది. ఆకలితో, మలేరియాతో, కలరాతో వేలాదిమంది దారిలోనే మరణించారు.

యుద్ధానంతరం కొందరు తిరిగి వెళ్లారు. 1948లో బర్మా స్వతంత్రమైంది. 1962లో జనరల్ నెవిన్ సైనికాధికారం చేపట్టి, 1963–64లో దుకాణాలను జాతీయం చేయడంతో వర్తకులకూ చోటు లేకపోయింది. మూడు తరాలు కట్టుకున్న అంగళ్లను తాళంచెవులతో సహా అప్పగించి చేతిసంచులతో తిరిగివచ్చినవారెందరో. రాందేర్‌కు మేడలు ఉన్నవి గాని వాటిని పోషించిన వ్యాపారం లేకపోయింది. అదే సమయంలో ఓడలలో తిరిగివచ్చిన తెలుగువారికి మేడలూ లేవు. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు వంటి కాలనీలు వారి పునరావాసానికి గుర్తుగా మిగిలినవి. తెలుగు రంగస్థలంపై ఒకనాడు విరివిగా ఆడిన ‘రంగూన్ రౌడీ’ నాటకం పేరు చాలు, ఆ నగరం మన ప్రజల ఊహలో ఎంతగా నాటుకొన్నదో తెలియడానికి.

నేటి రాందేర్

ఇరవయ్యవ శతాబ్ది ద్వితీయార్ధంలో రాందేర్ సూరత్ నగరంలో విలీనమైంది. కృత్రిమ పట్టు, వజ్రాల పరిశ్రమలతో సూరత్ శీఘ్రంగా విస్తరించి, దేశం నలుమూలల నుండి శ్రామికులను ఆకర్షించింది. మరమగ్గాలపై పనిచేయడానికి తెలంగాణ నుండి పద్మశాలీ కుటుంబాలు వచ్చి నగరపు తూర్పు, దక్షిణ భాగాలలోని లింబాయత్, ఉధనా ప్రాంతాలలో స్థిరపడినవి. నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నెలకొల్పవలసినంతగా వారి సంఖ్య పెరిగింది. ఒకప్పుడు రంగూన్‌లో రాందేరీలూ తెలుగువారూ ఇరువురూ పరదేశులు. నేడు ఒకరి స్వస్థలంలో మరొకరు జీవనోపాధి వెదుకుకొనుచున్నారు.

నది కూడా మారింది. ఎగువన 1972లో పూర్తయిన ఉకాయి ఆనకట్ట తాపీ ప్రవాహాన్ని కట్టడిచేసి సాగునీరు, విద్యుత్తు ఇచ్చింది. నగరానికి మంచినీరు నిలువచేయడానికి 1995లో సింగణ్‌పోర్ వద్ద, రాందేర్ పక్కనే, నదికి అడ్డంగా అడ్డుకట్ట నిర్మించారు. దానివల్ల సముద్రపు పోటు ఆ కట్ట వద్దనే ఆగిపోయింది. ఎగువన మంచినీరు, దిగువన ఉప్పునీరు. ఏ పోటు మోసుకొనివచ్చిన ఓడలతో రాందేర్ పుట్టి పెరిగిందో, ఆ పోటుకు ఆ పట్టణపు అంచుననే హద్దు ఏర్పడింది. వరదకు మాత్రం హద్దు ఏర్పడలేదు. 1968లోనూ, 1998లోనూ, 2006 ఆగస్టులోనూ తాపీ నగరాన్ని ముంచెత్తింది. 2006లో ఉకాయి నుండి సుమారు 9 లక్షల క్యూసెక్కుల నీరు విడుదల కాగా నగరంలో అధికభాగం మునిగి, రెండు గట్లూ రోజుల తరబడి నీటిలో ఉన్నవి.

రాందేర్ పాతవీధులలో టేకు మేడలు కొన్ని నేటికీ నిలిచి ఉన్నవి. వారసులు కొందరు దక్షిణాఫ్రికాలోనో, ఇంగ్లండులోనో ఉండగా ఇళ్లు తాళాలతో ఉన్నవి. కొన్నింటిని పడగొట్టి బహుళాంతస్తుల భవనాలు కట్టుచున్నారు. చెక్కడపు తలుపులూ దూలాలూ పాతసామాను అంగళ్లకు తరలిపోవుచున్నవి. రాజులు కట్టించిన కోటలకు పురావస్తుశాఖ రక్షణ లభించినంత సులభంగా వర్తకులు కట్టుకున్న ఇళ్లకు లభించదు. ఆ ఇళ్లలోని గుజరాతీ ఖాతా పుస్తకాలు, రంగూన్ నుండి వచ్చిన ఉత్తరాలు, దుకాణపు రసీదులు కూడా చరిత్రకు ఆధారాలే. చెదలకు ఆహుతి కాకముందే వాటిని సేకరించి నకలు తీయించి భద్రపరచడం విశ్వవిద్యాలయాల కర్తవ్యం.

దానితో పాటు చేయదగిన పని మరొకటి మన తీరంలో ఉన్నది. రాందేర్ వర్తకుడికి కనీసం మేడ ఉన్నది, మసీదు ఉన్నది, ఖాతా పుస్తకం ఉన్నది. అదే ఓడలలో అదే రేవుకు పోయిన శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల కూలీకి జ్ఞాపకం తప్ప మరొక ఆధారం లేదు. బర్మా నుండి నడిచివచ్చినవారిలో బ్రతికి ఉన్నవారు నేడు అతికొద్దిమంది. వారి పిల్లలు, మనుమలు విన్న కథలను నమోదుచేసి రాందేర్ ఖాతా పుస్తకాల పక్కన ఉంచినప్పుడు, రంగూన్ రేవు చరిత్రలో దుకాణపు అరుగూ, దాని ముందు బరువు దించిన భుజమూ రెండూ కనబడతాయి.